ఆఫీసు దాకా పన్నెండు కిలోమీటర్లు, ఆ తర్వాత రెండొందలు: సైకిల్ ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ వైపు వెళ్ళి చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ పలకల పైకప్పు కింద సైకిళ్ళు బారులు తీరి కనిపిస్తాయి. 2023 అక్టోబరు 1న మొదలైన ఆ ట్రాక్ పొడవు 23 కిలోమీటర్లు. ఒక పాయ నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా, ఇంకొకటి నార్సింగి నుంచి కొల్లూరు దాకా వెళ్తుంది. అక్కడ చెమటోడ్చి తొక్కేవాళ్ళలో చాలామంది సోమవారం ఆఫీసుకు మాత్రం కారులోనే పోతారు. ఎందుకని అడిగితే ట్రాఫిక్ అంటారు, చెమట అంటారు, దూరం అంటారు.

నేనూ అలాగే ఉండేవాణ్ణి. చందానగర్‌లో ఇల్లు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు, మధ్యలో పన్నెండు కిలోమీటర్లు. ఆదివారాలు మాత్రమే తొక్కి, ఆ ధైర్యంతో ఒకసారి రెండొందల కిలోమీటర్లకు బయల్దేరాను. నూట పదో కిలోమీటరు దగ్గర మోకాలు పట్టేసింది, అక్కడితో ఆగిపోయాను. తర్వాత ఆరు నెలలు వారానికి మూడు రోజులు సైకిల్ మీద ఆఫీసుకు వెళ్ళాను. రెండోసారి అదే దూరం హాయిగా పూర్తయింది. ఆ ఆరు నెలల్లో ప్రత్యేకంగా ఏ ట్రైనింగూ లేదు. అందుకే దూరప్రయాణం చేయాలనుకునేవాళ్ళకు కూడా ఆఫీసు దారితోనే మొదలుపెట్టమని చెప్తాను.

ముందు సైకిల్ సంగతి

కొత్తది కొనే ముందు ఇంట్లో మూలన పడి ఉన్నదాన్ని బయటకు తీయండి. టైర్లు పగుళ్ళు లేకుండా ఉండి, బ్రేకులు పడుతూ, చైను తుప్పు పట్టకుండా ఉంటే మొదటి నెలకు అది చాలు. ఐదారు కిలోమీటర్ల దూరానికి గేర్లు లేని సైకిలైనా సరిపోతుంది. మన ఊళ్ళలో పాలవాళ్ళు, పోస్టుమ్యాన్‌లు దశాబ్దాలుగా దాని మీదే తిరిగారు.

కొనాల్సి వస్తే హైబ్రిడ్ రకం కొనండి, అంటే రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ సైకిల్‌కూ మధ్య రకం. టైరు 700x32 నుంచి 700x40 మధ్య (రెండో అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో), హ్యాండిల్ తిన్నగా, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ సస్పెన్షన్ లేనిది. షాపులో సస్పెన్షన్ ఉన్నది చూపించి గుంతల్లో సుఖంగా ఉంటుందంటారు. తక్కువ ధర సైకిళ్ళలో ఆ సస్పెన్షన్ వల్ల ఒకటిన్నర రెండు కిలోల బరువు, ప్రతి తొక్కుడులో కొంత శక్తి వృథా. డబ్బు మంచి బ్రేకుల మీద పెట్టండి, మన వానలకు డిస్క్ బ్రేకులే నయం. క్యారేజీ, మడ్‌గార్డులు బిగించుకోవడానికి ఫ్రేముకు బోల్టు రంధ్రాలు ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. ఈ ఒక్కటి మర్చిపోయి తర్వాత బాధపడ్డవాళ్ళను చాలామందిని చూశాను.

మోకాళ్ళు సహకరించని వాళ్ళు, దారిలో ఫ్లైఓవర్లు ఎక్కువున్న వాళ్ళు ఎలక్ట్రిక్ సైకిల్ గురించి ఆలోచించవచ్చు. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండే రకాలకు రిజిస్ట్రేషన్, లైసెన్స్ అవసరం లేదు.

సీటు ఎత్తు: పది నిమిషాలు పెట్టండి

మన దగ్గర చాలామంది సీటు కిందకు దించి తొక్కుతారు. రెండు పాదాలూ నేలకు ఆనితే ధైర్యంగా ఉంటుందని. చిన్నప్పుడు అలాగే నేర్చుకున్నాం కాబట్టి అదే సరైనదనుకుంటాం. ఆ ఎత్తులో పది కిలోమీటర్లు దాటితే మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలవుతుంది. నాకు నూట పదో కిలోమీటరు దగ్గర జరిగింది ఇదే, సీటు రెండు అంగుళాలు కిందకుంది.

గోడ పక్కన సైకిల్ నిలబెట్టి, చేత్తో గోడ పట్టుకుని సీటెక్కండి. చెప్పులు కాదు, తొక్కేటప్పుడు వేసుకునే బూట్లే వేసుకోండి. పెడల్ అన్నిటికన్నా కిందకు వచ్చినప్పుడు దాని మీద మడమ పెట్టండి. కాలు పూర్తిగా చాచుకుని, నడుము పక్కకు ఒరగకుండా ఉంటే ఎత్తు సరిపోయినట్టు. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు తగినంత వంగుతుంది. సీటు నేలకు సమాంతరంగా ఉండాలి. ముక్కు పైకి లేస్తే తొడల మధ్య తిమ్మిరెక్కుతుంది, కిందకు వాలితే బరువంతా అరచేతుల మీద పడుతుంది.

తర్వాత కూడా నొప్పే దారి చెప్తుంది. మోకాలి ముందువైపు నొప్పి వస్తే సీటు కాస్త పైకి, వెనకవైపు వస్తే కాస్త కిందకు. ఒకేసారి అరసెంటీమీటరు కన్నా ఎక్కువ మార్చకండి, మార్చాక రెండు మూడు రోజులు తొక్కి చూడండి. సరైన ఎత్తు దొరికాక సీటు గొట్టం మీద టేపు ముక్క అంటించండి. మెకానిక్ సీటు తీసినా మళ్ళీ అక్కడికే పెట్టుకోవచ్చు.

దారి వెతకడం

కారు దారి సైకిల్ దారి కాదు. మ్యాప్‌లో దగ్గరి దారి కన్నా రెండు కిలోమీటర్లు ఎక్కువైనా లోపలి కాలనీల గుండా వెళ్ళే దారి మేలు. ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదికి సైకిళ్ళను రానివ్వరు, దాని సర్వీస్ రోడ్డు మాత్రం వాడుకోవచ్చు. నేను లింగంపల్లి నుంచి సెంట్రల్ యూనివర్సిటీ పక్కగా గచ్చిబౌలి మీదుగా వెళ్తాను. యూనివర్సిటీ గోడ వెంట చెట్ల నీడలో వెళ్ళే ఆ కొద్ది దూరం రోజు మొత్తంలో నాకు ఇష్టమైన భాగం.

ఆదివారం పొద్దున ఒకసారి ఆ దారిలో తొక్కి చూసుకోండి. ఎక్కడ కుక్కలున్నాయి, ఎక్కడ రోడ్డు తవ్వేశారు, ఎక్కడ యూటర్న్ తీసుకోవాలి, అన్నీ తెలిసిపోతాయి. వారం మధ్యలో ఆఫీసు టైముకే ఇంకొకసారి వెళ్ళి చూడండి, అప్పుడు రోడ్డే వేరుగా ఉంటుంది. ఏడు లోపు బయల్దేరితే నాకు నలభై ఐదు నిమిషాలు. తొమ్మిదికి కారులో వెళ్తే ఒక్కోరోజు అంతకన్నా ఎక్కువే పట్టేది.

మొదటి వారంలో రెండు రోజులు చాలు. పొద్దున సైకిల్ మీద వెళ్ళి, అలసట అనిపిస్తే సాయంత్రం సైకిల్ ఆఫీసులోనే పెట్టి ఆటోలో వచ్చేయండి. మర్నాడు ఇంకెలాగైనా ఆఫీసుకు చేరి, సాయంత్రం సైకిల్ మీద ఇంటికి రండి. అలా మీదేసుకోకుండా మొదలుపెట్టినవాళ్ళే నెల తర్వాత కూడా తొక్కుతూ కనిపిస్తారు.

చెమట, బట్టలు, తాళం

బ్యాగు వీపుకు తగిలించుకుంటే వీపంతా తడుస్తుంది, బరువు క్యారేజీ మీదే పెట్టండి. సోమవారం ఇతర వాహనంలో వెళ్తూ వారానికి సరిపడా చొక్కాలు, ఒక జత బూట్లు ఆఫీసులో పెట్టేస్తే రోజూ మోయక్కర్లేదు. చేరగానే మొహం కడుక్కోవద్దు, పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చుని ఒళ్ళు చల్లబడనివ్వండి, అప్పుడు తడి తువాలుతో తుడుచుకుని బట్టలు మార్చుకోండి. ముందే మార్చుకుంటే కొత్త చొక్కా కూడా తడుస్తుంది.

తాళం వేసేటప్పుడు ఫ్రేము, వెనక చక్రం రెండూ కలిపి, కదలని స్తంభానికి కట్టాలి. ముందు చక్రానికి మాత్రమే వేస్తే చక్రం మిగులుతుంది, సైకిల్ పోతుంది.

రోడ్డు మీద ఎక్కడ ఉండాలి

కొత్తవాళ్ళు భయంతో రోడ్డు అంచుకు అతుక్కుని వెళ్తారు. ప్రమాదం అక్కడే ఎక్కువ. ఇసుక, గాజుపెంకులు, డ్రైనేజీ జాలీలు అన్నీ అంచునే ఉంటాయి. జాలీ ఊచలు రోడ్డు పొడవునా ఉంటే సన్నటి టైరు అందులో ఇరుక్కుంటుంది. అంచు నుంచి ఒక మీటరు ఇవతల, ఒకే గీతలో వెళ్ళండి. అప్పుడు వెనకాల వచ్చేవాడికి మీరు కనిపిస్తారు, పక్కకు తప్పుకోవడానికి మీకూ కొంచెం చోటు మిగులుతుంది.

ఆగి ఉన్న కార్లకు తలుపు తెరుచుకునేంత దూరం వదలండి. ముందు వెళ్తున్న ఆటో ఎవరైనా చెయ్యెత్తితే అక్కడికక్కడే ఆగుతుంది, దాని వెనకాల దగ్గరగా వెళ్ళకండి. ఎడమకు తిరగబోయే బస్సుకు, ఫుట్‌పాత్‌కు మధ్య సందులో ఎప్పుడూ దూరకండి. బస్సు వెనక చక్రాలు మలుపులో లోపలికి వస్తాయి, డ్రైవరుకు మీరు అద్దంలో కనిపించరు. ఆ రెండు క్షణాలు ఆగండి, బస్సును పోనివ్వండి.

కుక్కలు వెంటపడితే వేగం పెంచాలనిపిస్తుంది. దిగి నిలబడండి, మీకూ కుక్కకూ మధ్య సైకిల్ ఉండేలా చూసుకుని నెమ్మదిగా నడవండి. చాలాసార్లు అంతటితో అవి వెనక్కు తగ్గుతాయి.

వానాకాలంలో ఇంకో రెండు మాటలు. రోడ్డు మీద తెల్ల గీతలు, ఇనుప పలకలు తడిస్తే సబ్బులా జారతాయి, వాటి మీద బ్రేకు వేయకండి, మలుపు తిప్పకండి. నీళ్ళు నిలిచిన చోట అడుగున మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఎంత ఆలస్యమైనా ఆ నీళ్ళలోకి దిగకండి, చుట్టూ తిరిగి వెళ్ళండి.

హెల్మెట్ గడ్డం కింద పట్టీలో రెండు వేళ్ళు పట్టేంత బిగుతుగా ఉండాలి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగనివ్వండి. శీతాకాలంలో ఆరు కాకముందే చీకటి పడుతుంది, ఛార్జింగ్ చూసుకోకుండా బయల్దేరకండి.

గాలి, చైను, పంక్చర్

వారానికి ఒకసారి గాలి చూడండి. 32 ఎంఎం టైరుకు, డెబ్బై కిలోల మనిషికి ముందు 55, వెనక 60 పీఎస్ఐ దాకా బాగుంటుంది. టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటించకండి. మీ ట్యూబుకు సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటే పంక్చర్ షాపు పంపు సరిపోదు, వంద రూపాయల లోపు దొరికే చిన్న అడాప్టర్ బ్యాగులో ఉంచుకోండి. రెండు వందల కిలోమీటర్లకు ఒకసారి చైనును పొడి గుడ్డతో తుడిచి, ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేసి, పైన మిగిలినది తుడిచేయండి. కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్ వద్దు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

పంక్చర్ ఇంట్లో నేర్చుకోవాలి, రోడ్డు మీద కాదు. నేను నేర్చుకున్నది చౌటుప్పల్ దాటాక, విజయవాడ హైవే పక్కన, మిట్టమధ్యాహ్నం. వెనక టైరు దిగింది. చకచకా కొత్త ట్యూబు వేశాను. రెండు కిలోమీటర్లు పోయానో లేదో మళ్ళీ దిగింది. రెండో ట్యూబూ వేశాను, అదీ దిగింది. తోసుకుంటూ లారీల పంక్చర్ షాపు దాకా నడిచాను. అక్కడి పెద్దాయన ట్యూబు వైపు చూడనే లేదు. “ముందుగాల టైరు లోపల చెయ్యి వెట్టి చూడు బిడ్డా. ముల్లు అట్లనే ఉంటే ఎన్ని ట్యూబులు ఏస్తే ఏం ఫాయిదా?” అన్నాడు. బొటనవేలు టైరు లోపల మెల్లగా తిప్పుకుంటూ పోయి ఒకచోట ఆపాడు. వెంట్రుకంత సన్నటి ఇనుప తీగ, లోపలికి ఆవగింజంత పొడుచుకుని ఉంది. హైవేల మీద పేలిపోయిన లారీ టైర్లలోంచి ఊడిపడే తీగలు ఇలాగే సైకిల్ టైర్లలో దిగుతాయి. బయటి నుంచి చూస్తే అసలు కనిపించదు. పట్టకారుతో లాగి నా చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత నేను పాటిస్తున్న వరస ఇది:

1. వెనక చక్రమైతే మొదట గేరును అన్నిటికన్నా చిన్న పళ్ళ చక్రానికి మార్చండి, చక్రం తేలిగ్గా బయటికి వస్తుంది.
2. మిగిలిన గాలి పూర్తిగా తీసేసి, టైరు అంచును రెండు వైపులా వేళ్ళతో రిమ్ము మధ్య గాడిలోకి నొక్కండి.
3. రెండు ప్లాస్టిక్ లీవర్లతో ఒక వైపు అంచును పైకి లేపి ట్యూబు తీయండి. స్క్రూడ్రైవర్ వాడితే ట్యూబుకు ఇంకో చిల్లు పడుతుంది.
4. ట్యూబుకు గాలి కొట్టి చిల్లు ఎక్కడుందో చూడండి. వాల్వ్ నుంచి ఎంత దూరంలో ఉందో లెక్కగడితే టైరులో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.
5. టైరు లోపలంతా వేలితో నిదానంగా తడమండి, దొరికిన ముల్లు లేదా తీగ తీసేయండి. దొరక్కపోతే ఇంకో చుట్టు తిప్పండి.
6. కొత్త ట్యూబులో రెండు దెబ్బలు గాలి కొట్టి, గుండ్రంగా ఉబ్బాక లోపల పెట్టండి. మడత పడదు.
7. టైరు అంచును చేతులతోనే ఎక్కించండి, వాల్వ్‌కు ఎదురు వైపు మొదలుపెట్టి చివరి భాగం వాల్వ్ దగ్గరకు వచ్చేలా చూసుకోండి.

చిల్లు పడ్డ ట్యూబుకు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి ప్యాచ్ అంటించడం సాయంత్రం ఇంట్లో తీరిగ్గా చేసుకోవచ్చు. రోడ్డు మీద ట్యూబు మార్చడమే సులభం.

దూరం పెంచడం

వారానికి మూడు రోజులు ఆఫీసుకు రానూపోనూ తొక్కితే నాకు 72 కిలోమీటర్లు. పునాది అదే. దాని పైన ఆదివారం ముప్ఫైతో మొదలుపెట్టి వారానికి పది చొప్పున పెంచండి, నాలుగో వారం మాత్రం సగానికి తగ్గించి ఒంటికి విశ్రాంతినివ్వండి. మూడు నెలల్లో వంద దాటతారు.

మన దగ్గర ఆదివారం దారులకు కొదవ లేదు. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ వైపు రోడ్డుకు రెండు పక్కలా వందలాది పాత మర్రిచెట్లు ఉండేవి, ఆ నీడ కోసమే అటు వెళ్ళడం మొదలుపెట్టాను. ఇప్పుడు హైవే వెడల్పు పనుల వల్ల దారి మారుతోంది, వీలైనంత త్వరగా ఒకసారి వెళ్ళి రండి. అక్కడి నుంచి ఇంకా ముందుకు పోతే అనంతగిరి కొండలు, గేర్లు ఎలా వాడాలో నేర్పే దారి అది. విశాఖవాళ్ళకు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే తొక్కే భాగ్యం ఉంది, వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో ఎదురుగాలి తప్పదు.

బరువైన గేరులో కాళ్ళు బిగబట్టి తొక్కకండి. తేలిక గేరు వేసి నిమిషానికి డెబ్బై ఎనభై చుట్లు తిరిగేలా తొక్కితే మోకాళ్ళు నిలుస్తాయి. ఎత్తు మొదలయ్యాక కాదు, మొదలయ్యే ముందే గేరు దించాలి. ఎదురుగాలి వస్తే వేగం గురించి టెన్షన్ పడకుండా అదీ ఒక ఎత్తే అనుకోండి, గేరు దించి వంగి తొక్కండి. ప్యాడ్ ఉన్న షార్ట్స్ వేసుకుంటే లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. ఇది ఎవరూ చెప్పరు.

తిండి, నీళ్ళు, ఎండ

ఆకలయ్యాక తింటే ఆలస్యమైనట్టే. గంటన్నర దాటే ఏ ప్రయాణంలోనైనా ముప్పావుగంటకోసారి కొంచెం తినండి. అరటిపండు, రెండు ఖర్జూరాలు, పల్లీ పట్టి, బెల్లం ముక్క, ఏదైనా సరే. హోటల్ దగ్గర ఆగితే ఇడ్లీలు మంచివి, పూరీలు వద్దు. మధ్యాహ్నం పెరుగన్నం లాంటిది ఇంకోటి లేదు, పొట్ట చల్లగా ఉంటుంది, ఉప్పు అందుతుంది.

నీళ్ళు గంటకు అరలీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండలో ఇంకాస్త ఎక్కువ. ఒక బాటిల్‌లో మామూలు నీళ్ళు, రెండోదాంట్లో ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద లీటరుకు ఒకటని రాసి ఉంటే లీటరుకే కలపండి, చిక్కగా కలిపితే కడుపులో తిప్పుతుంది. దారిలో ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరి నీళ్ళు ఎక్కడ కనిపించినా ఆగండి.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పది తర్వాత రోడ్డు మీద ఉండకండి. తల దిమ్ముగా ఉండి, చెమట ఆగిపోయి, ఎండలో ఒళ్ళు జలదరిస్తే అది వడదెబ్బ మొదలు. నీడకు చేరి తల మీద, మెడ మీద నీళ్ళు పోసుకుని, పక్కవాళ్ళను పిలవండి. మాట తడబడుతుంటే నేరుగా ఆసుపత్రికే.

మొదటి బ్రెవే

బ్రెవే పందెం కాదు. ఫ్రాన్స్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాల ప్రకారం జరిగే దూరప్రయాణం. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై, 400కు ఇరవై ఏడు, 600కు నలభై గంటలు గడువు. మొదట వచ్చినవాళ్ళకూ చివర వచ్చినవాళ్ళకూ తేడా ఉండదు, ర్యాంకులు ఇవ్వరు. నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తి చేస్తే సూపర్ రాండనర్ అంటారు. 1891లో పందెంగా మొదలై ఇప్పుడు నాలుగేళ్ళకోసారి జరిగే 1200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు వెళ్ళాలంటే ఈ మెట్లన్నీ ఎక్కాలి. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండనర్స్ ఆధ్వర్యంలో ఇవి జరుగుతాయి, వాళ్ళ వెబ్‌సైట్‌లో మీ ఊరి క్యాలెండర్ చూసి పేరు నమోదు చేసుకోవచ్చు.

లెక్క సులభం. గంటకు ఇరవై చొప్పున తొక్కితే రెండొందలకు పది గంటలు, ఆగడానికి మూడున్నర గంటలు మిగులుతాయి. అందుకే వేగం పెంచే ప్రయత్నం మానేసి, ఆగే సమయం తగ్గించుకోండి. టీ దగ్గర కూర్చుంటే పది నిమిషాలనుకున్నది అరగంట అవుతుంది. మధ్యలో కంట్రోల్ పాయింట్లు, అంటే మీరు వచ్చినట్టు నమోదు చేయించుకునే చోట్లు ఉంటాయి, ఒక్కోదానికి ఒక సమయం, అది దాటితే లెక్కలోకి రారు. కంట్రోల్ దగ్గర తప్ప దారిలో ఎవరి కారూ వెంట వచ్చి సాయం చేయకూడదు. హెల్మెట్, లైట్లు, మెరిసే జాకెట్ తప్పనిసరి.

తెల్లారుజామున అందరూ వేగంగా దూసుకుపోతారు. వాళ్ళ వెనక పరిగెత్తకండి. మధ్యాహ్నం పన్నెండుకు వాళ్ళలో చాలామంది చెట్టు కింద కనిపిస్తారు.

రెండు రోజుల ప్రయాణం, తిరుగు రైలు

బ్రెవే తొందర నచ్చనివాళ్ళకు హైదరాబాద్ నుంచి విజయవాడ మంచి మొదటి యాత్ర. 65వ నంబరు హైవే మీద సుమారు 270 కిలోమీటర్లు, సూర్యాపేట దాదాపు సరిగ్గా సగం దూరంలో ఉంటుంది, రాత్రి అక్కడ లాడ్జిలో ఆగొచ్చు. ముందే ఫోన్ చేసి సైకిల్ గదిలోకి రానిస్తారా అని అడగండి. రోడ్డు మీద తెల్ల గీతకు అవతల షోల్డర్‌లోనే వెళ్ళండి, ఎదురుగా రాంగ్‌సైడ్‌లో వచ్చే బైకులు ఉంటాయి, చూపు ఎప్పుడూ ముందే ఉండాలి. చీకటి పడకముందే ఆగిపోవాలి, ఇందులో రాజీ వద్దు. శ్రీశైలం వైపు వెళ్ళేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోండి: మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడవి దారి రాత్రిళ్ళు మూసేస్తారు.

విజయవాడ నుంచి తిరిగి వచ్చేటప్పుడు రైలెక్కండి. బయల్దేరే టైముకు కనీసం గంటన్నర ముందు స్టేషన్ పార్సిల్ ఆఫీసుకు వెళ్ళి, మీ టికెట్ చూపించి సైకిల్‌ను లగేజీగా బుక్ చేయమని అడగండి. లైట్లు, బాటిళ్ళు, పంపు, సీటు కింద సంచి అన్నీ తీసి మీ బ్యాగులో పెట్టుకోండి. అట్టముక్క మీద మీ పేరు, ఫోన్ నంబరు, ఎక్కడ దిగాలో పెద్దక్షరాలతో రాసి ఫ్రేముకు రెండుచోట్ల కట్టండి. గేరు ఉన్న వైపు పాత దుప్పటి చుడితే మూటల కింద పడ్డా వంగదు. రైలొచ్చాక సామాన్లు పెట్టే బ్రేక్ వ్యాన్‌లోకి ఎక్కించేదాకా అక్కడే నిలబడి చూసుకుని, అప్పుడు మీ బోగీకి వెళ్ళండి. సికింద్రాబాద్‌లో రైలు ఆగగానే నేరుగా బ్రేక్ వ్యాన్ దగ్గరకే పరిగెత్తాలి, రసీదు చేతిలో పట్టుకుని.